కాలవ మీద లేని బండ

కనకవల్లికి మనస్తత్వశాస్త్రం తెలుసు. బి.ఏ.లో అది ఆవిడ మూడో సబ్జెక్టు. పెళ్లయ్యాక దాన్ని వాడే అవకాశం మాత్రం రాలేదు. పిల్లలు అన్నం తినం అని మారాం చేసినప్పుడు వాడబోతే, అత్తగారు ఒక్క కసురుతో ఆ పని పూర్తి చేసేశారు. భర్త భీమశంకరం మీద వాడబోతే ఆయన నిద్రపోయారు. అందుచేత అరవై ఆరేళ్లు వచ్చేదాకా ఆ శాస్త్రం, పెళ్లినాటి పన్నీరుబుడ్డిలా బీరువా పై అరలో భద్రంగా ఉండిపోయింది. అక్కడే ఉండిపోతే సోమేశ్వరపేటకి ఏ బాధా ఉండేది కాదు.

అది బయటికి రావడానికి కారణం ఒక సిమెంటు బండ. లక్ష్మీ కాలనీకీ, అవతలి పాతవీధికీ మధ్య ఒక మురుగుకాలవ ఉంది. దాని మీద నడిచి దాటడానికి బండ ఉండేది. వానలకి ముందు పూడిక తీస్తామని మునిసిపాలిటీవాళ్లు వచ్చి బండ లేపారు. లేపేటప్పుడు అది రెండు ముక్కలైంది. ముక్కలు పట్టుకెళ్లారు, పూడిక మాత్రం వదిలేశారు. బండ స్థానంలో ఒక ఖాళీ మిగిలింది. కుర్రాళ్లకి అది ఒక అంగ. మోకాళ్లు అరిగినవాళ్లకి మాత్రం అది గోదావరి.

పాతవీధిలో, సరిగ్గా ఆ కాలవ ఒడ్డునే, కనకవల్లి తోడికోడలు మాణిక్యాంబ ఉంటుంది. డెబ్బై అయిదేళ్ల మనిషి. చేతికర్ర ఊతంతో రోజూ మధ్యాహ్నం కాలవ దాటి చెల్లెలింటికి వచ్చేది. ఇద్దరూ కాఫీ తాగి, అష్టాచెమ్మా పరిచి, గవ్వలు విసురుకుంటూ ఒకరి మీద ఒకరు దొంగాట నేరం మోపుకునేవారు. బండ పోయిన దగ్గర్నుంచీ మాణిక్యాంబ రాక ఆగిపోయింది. గేటు దగ్గరికి వచ్చి, ఖాళీని చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయేది. ముగ్గుల పీటంత చోటు లేకపోవడం వల్ల ఒక ఆట ఆగిపోయింది.

ఈ సంగతి తేల్చడానికే కాలనీ సంఘం సమావేశమైంది. కమ్యూనిటీ హాలు కాలవ అవతల ఉంది కాబట్టి, సమావేశం కార్యదర్శి సుందర్రాజు గారి వాకిట్లో జరిగింది. "బండ వేయమని అర్జీ పెడదాం" అని ఆయన అన్నారు. అందరూ సరే అన్నారు. అక్కడితో అయిపోవాలి. కానీ సుందర్రాజు మర్యాదస్థుడు. "ఆడవాళ్లలో చదువుకున్నవారు, మీరూ రెండు ముక్కలు చెప్పండమ్మా" అని కనకవల్లి వైపు తిరిగారు.

కనకవల్లి లేచి నిలబడింది. బీరువా పై అర తెరుచుకుంది.

"బండ పోయిందని మనం అనుకుంటున్నాం. నిజానికి పోయింది ధైర్యం. పెద్దవయసులో నడక కాళ్లలో ఉండదు, మనసులో ఉంటుంది. మా అక్కయ్యనే తీసుకోండి. ఆవిడ కాళ్లు బాగానే ఉన్నాయి. ఆవిడకి నడక పట్ల ఉన్న దృక్పథం బాగులేదు" అంది.

చప్పట్లు మోగాయి. తన మాటలకి ఎవరైనా చప్పట్లు కొట్టడం కనకవల్లికి పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ ఊపులో కాలవ దగ్గరికి వెళ్లి, ఖాళీని చూసి, గుండె గుభేల్‌మని, చుట్టూ తిరిగి, చేతికర్ర నిలవని గేదెల దొడ్డి బురదదారిన అక్కయ్యకి కబురు చెప్పడానికి వెళ్లింది.

మాణిక్యాంబ అంతా విని, "అంటే నాకు పిచ్చని ఊరందరికీ చెప్పొచ్చావా?" అంది.

"పిచ్చి కాదక్కయ్యా, దృక్పథం."

"ఏదైతేనేం, కాళ్లున్న మనిషికి కాళ్లు లేవంటే ఊరుకుంటాను. బుర్ర లేదంటే ఊరుకోను. ఇక నాతో మాట్లాడకు."

అని తలుపు వేసుకుంది.

సుందర్రాజు గారు అర్జీతో పాటు కనకవల్లి ఉపన్యాసాన్ని కూడా జతచేసి మునిసిపాలిటీకి పంపారు. అర్జీ వెంటనే తిరిగి వచ్చింది. కాలవ పారిశుధ్యం వారిది, కాలవ మీద బండ రోడ్ల వారిది. బండ లేనప్పుడు మిగిలే ఖాళీ ఎవరిదన్నది ఇంకా తేలలేదు. ఉపన్యాసం మాత్రం తిరిగి రాలేదు. ఎందుకంటే పౌరుల మనసు ఇంతవరకూ ఏ విభాగానికీ చెందకుండా ఖాళీగా పడివుందని పెద్దలు గమనించారు. నెల తిరక్కుండా దానికొక విభాగం వెలిసింది. వృద్ధ పౌరుల చలన మనోవికాస విభాగం. దానికి అధికారి త్రివిక్రమరావు.

ఆయన మొదటిరోజే కారు దిగి కాలవ దాకా వచ్చి, ఖాళీకి చాలా దూరంలో ఆగి, దాన్ని కళ్లజోడు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూశారు.

"అవరోధము వస్తువునందు లేదు. వీక్షకుని యందు ఉన్నది" అన్నారు.

"బండ కూడా లేదండి" అన్నారు భీమశంకరం.

"లేదన్న భావన ఉన్నది. ముందుగా దానిని తొలగించవలెను."

మర్నాటి నుంచి పరీక్షలు. అరవై దాటిన ప్రతివారినీ కాలవ దగ్గరికి పిలిచి, ఖాళీని చూపించి, ఏమనిపిస్తోందో అడిగారు. భీమశంకరం "కాఫీ తాగాలనిపిస్తోంది" అన్నారు. ఆయన్ని 'అనిశ్చిత దృక్పథం' కింద వేశారు. అవతలి ఒడ్డున ఉన్న మాణిక్యాంబని కేకేసి అడిగారు.

"ఆ ఖాళీని చూస్తే తమకేమనిపిస్తున్నదమ్మా?"

"ఖాళీలా అనిపిస్తోంది నాయనా."

"ప్రతికూల దృక్పథం" అని త్రివిక్రమరావు ప్రకటించారు. ఒక కుర్ర ఉద్యోగి ఖాళీ మీదనుంచి అంగవేసి వెళ్లి ఆవిడ చేతికర్రకి ఎర్ర రిబ్బను కట్టి వచ్చాడు.

కనకవల్లి వంతు వచ్చింది. అవతల అక్కయ్య చూస్తోంది. ఇవతల కాలనీ అంతా చూస్తోంది. ఖాళీని చూస్తే ఆవిడకి నిజంగా అనిపించింది ఒక్కటే, గేదెల దొడ్డి దారే మేలని. కానీ చప్పట్ల రుచి మరిగిన నోరు.

"అవకాశంలా అనిపిస్తోంది" అంది.

త్రివిక్రమరావు ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే ఆవిడని 'ధైర్య రాయబారి'గా నియమించి, మెడలో ఆకుపచ్చ పట్టీ వేశారు. దాటి చూపించమని ఆయనా అడగలేదు, చూపిస్తానని ఆవిడా అనలేదు. దృక్పథం బాగున్నవాళ్లని అలా అడగడం అవమానం కదా.

సాయంత్రం భీమశంకరం ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏవోయ్ రాయబారీ, నువ్వా ఖాళీ ఎప్పుడు దాటావు?"

"దాటడం ముఖ్యం కాదండి, దాటగలనన్న నమ్మకం ముఖ్యం."

"ఆ నమ్మకం ఉందా?"

"మీకు పెరుగు వెయ్యనా?" అంది కనకవల్లి.

రాయబారిగా ఆవిడ పని విభాగానికి సలహాలివ్వడం. మొదటి సలహా ఆవిడ ఇచ్చే ముందే అమలైంది. కమ్యూనిటీ హాలు ముందున్న సిమెంటు బల్లలు తీసేశారు. కూర్చోవడానికి చోటు కనిపిస్తే కూర్చోవాలనిపిస్తుందట. తరవాత హాలు మెట్ల పక్కన ఉన్న కమ్మీ కోసేశారు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటం వల్లే పడిపోతామన్న ఆలోచన పుడుతుందట. ఆ తరవాత చేతికర్రల జోలికి వచ్చారు. 'చేతికర్ర అనగా చేతికి కనిపించు భయము' అని త్రివిక్రమరావు గోడల మీద రాయించారు. కర్రలు అప్పగించడానికి హాలు పైఅంతస్తులో చేతికర్రల విమోచన కేంద్రం పెట్టారు. కమ్మీ లేని ఆ మెట్లు ఎక్కి వెళ్లి కర్ర ఇచ్చినవారు, కర్ర లేకుండా ఆ మెట్లు దిగి రావాలి. పాతవీధి పెద్దాయన ఒకరు ఉదయం ఎక్కి, దిగలేక, మధ్యాహ్నం భోజనం కూడా పైకే తెప్పించుకున్నారు. ఆయన స్వచ్ఛందంగా కేంద్రంలో సేవ చేస్తున్నారని విభాగం మెచ్చుకుంది.

ఈ వేడిలో నియమాలు రాయడం మొదలైంది. దాటేటప్పుడు ఎవరూ కిందికి చూడరాదు. కిందికి చూపు పోతే మనసూ కిందికి పోతుంది. ఇది త్రివిక్రమరావు గారి సొంతం. రెండోది చుట్టుదారి గురించి. ఖాళీని తప్పించుకుని గేదెల దొడ్డి మీదుగా వెళ్లేవాళ్లందరూ ప్రతికూల దృక్పథం గలవారుగా పరిగణింపబడుదురు.

"వాక్యం ఇంకొంచెం గంభీరంగా ఉంటే బాగుణ్ణు" అన్నారాయన, పెన్ను ఎత్తి పట్టుకుని.

"'హోదాతో నిమిత్తం లేకుండా' అని చేర్చండి" అంది కనకవల్లి. వ్యాకరణం, శబ్దం అంటే ఆవిడకి పట్టింపు. ఆ ముక్క చేరాక నియమం నిజంగానే వినసొంపుగా తయారైంది.

మర్నాటి ఉదయం ఆకుపచ్చ పట్టీని మడిచి సంచీ అడుగున పెట్టుకుని, ఆవిడ రోజూలాగే గేదెల దొడ్డి దారిన పాతవీధి కూరగాయల కొట్టుకి వెళ్లింది. దొడ్డి యజమానురాలు వెంకాయమ్మ గేదెని తోముతూ పలకరించింది.

"ఏటండి అమ్మగారూ, రోజూ మా దొడ్డెంటే ఒత్తన్నారు?"

"గేదెలంటే ఇష్టం వెంకాయమ్మా."

"అయితే పేడ తొక్కినప్పుడు ముక్కు మూసుకుంటారేటండి మరి?"

తిరిగి వచ్చేటప్పుడు మాణిక్యాంబ గేటు ముందునుంచే రావాలి. ఆవిడ మల్లెపందిరికి కర్ర ఆనించి నీళ్లు పోస్తోంది. కర్రకి ఎర్ర రిబ్బను అలాగే ఉంది. దాన్ని విప్పలేదు, దాచుకోలేదు. కనకవల్లి ఒక నిమిషం నిలబడింది. మాణిక్యాంబ తలెత్తలేదు. మల్లెపాదుకి అక్కర్లేనన్ని నీళ్లు పోసేసింది.

ఇంతలో అసలు పిడుగు పడింది. కార్యక్రమం లాంఛనంగా ప్రారంభమయ్యే రోజున ప్రతికూలురంతా చేతికర్రలు అప్పగించి, దృక్పథం మెరుగయ్యేదాకా గుమ్మం దాటకుండా ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు మొట్టమొదట అధికారి స్వయంగా స్వీకరించే కర్ర మాణిక్యాంబది. రాయబారిగారి సొంత తోడికోడలు కావడం వల్ల జనానికి ఆదర్శంగా ఉంటుందట.

కనకవల్లికి ఆ రాత్రి అన్నం సహించలేదు. కర్ర పోతే అక్కయ్య మల్లెపాదు దాకా కూడా రాలేదు. కాలవ దాటడాన్ని ఆపింది బండ లేకపోవడం. గుమ్మం దాటడాన్ని ఆపబోయేది తన ఉపన్యాసం. ఆవిడ మర్నాడే త్రివిక్రమరావు దగ్గరికి వెళ్లింది.

"మా అక్కయ్యని వదిలెయ్యండి. పెద్దావిడ."

"అమ్మా, పథకమునకు మూలస్తంభమే ఆవిడ. తమరి ఉపన్యాసములో ఉదాహరింపబడిన ఏకైక వృద్ధురాలు. ఆవిడను తొలగించినచో విభాగమే కూలును."

"అయితే ఉపన్యాసాన్ని వెనక్కి తీసుకుంటాను."

"దస్త్రములోనికి వెళ్లిన మాట వెనుకకు రాదమ్మా" అన్నారాయన, జాలిగా.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే కాలవ దగ్గర సందడి మొదలైంది. పెద్దలు వచ్చేచోట ఎర్ర తివాచీ పరవడం సోమేశ్వరపేట మునిసిపాలిటీకి అలవాటు. కొళాయి ప్రారంభించినా, చెత్తబండి ప్రారంభించినా తివాచీ ఉండాల్సిందే. పరిచేవాళ్లు కారు ఆగేచోట మొదలుపెట్టి, హాలు మెట్ల దాకా ఒకే ఈడ్పున పరుచుకుంటూ పోయారు. దారిలో కాలవ వచ్చింది. కాలవ మీద ఖాళీ వచ్చింది. తివాచీ పరవమన్నారు కానీ ఖాళీ దగ్గర ఆపమని ఎవరూ చెప్పలేదు. అటూ ఇటూ మేకులు కొట్టి, బిగించి, దాని మీదనుంచే పరిచేశారు.

ఖాళీ కనబడకుండా పోయింది.

"అద్భుతం" అన్నారు త్రివిక్రమరావు. "భావన తొలగినది."

బ్యాండు మోగింది. కాలనీ పెద్దలు, విభాగం ఉద్యోగులు, రాయబారి, అందరూ ఊరేగింపుగా తివాచీ మీద నడిచారు. కాలవ దగ్గరికి వచ్చేసరికి ఊరేగింపు ఆగింది. అక్కడ ఆగమని ఎవరూ అనలేదు. అందరికీ ఒక్కసారిగా మర్యాద పుట్టుకొచ్చింది.

"తమరు ముందు దయచేయండి" అన్నారు త్రివిక్రమరావు, సుందర్రాజు గారితో.

"అబ్బే, అతిథులు తమరు ఉండగా నేనా? తమరే."

"స్థానికులకు ప్రాధాన్యమివ్వవలెనని ప్రభుత్వ ఆదేశము."

"మా కాలనీలో అతిథి ముందు నడిచే ఆచారమండి."

భీమశంకరం వైపు అందరూ చూశారు. "నాది అనిశ్చిత దృక్పథం. నేను వెనకే ఉంటాను" అన్నారాయన.

చివరికి అందరి కళ్లూ ఆకుపచ్చ పట్టీ మీద ఆగాయి. త్రివిక్రమరావు ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపారు.

"రాయబారి గారు ఉండగా మనకు చర్చ ఎందుకు? దయచేయండమ్మా. కిందికి చూడవలదు."

కనకవల్లి ముందుకు వచ్చింది. అవతలి ఒడ్డున, తివాచీ పక్కన, మాణిక్యాంబ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎర్ర రిబ్బను గాలికి ఆడుతోంది. తివాచీ ఎర్రగా, చదునుగా, నేల అంతా ఒకటే అన్నట్టు ఉంది. చూపుకి ఖాళీ లేదు. కాళ్లకి మాత్రం ఉంది. ఆవిడ కుడికాలు ఎత్తింది. కాలు గాలిలోనే ఆలోచనలో పడింది. తిరిగి వచ్చి ఎడమకాలి పక్కన నిలబడింది. బి.ఏ.లో చదివిందంతా గుర్తుచేసుకుని మళ్లీ ఎత్తబోయింది. ఈసారి లేవనే లేదు.

బ్యాండువాళ్లు వాయించిందే మళ్లీ వాయించారు.

ఇంతలో గేదెని తోలుకుంటూ వెంకాయమ్మ వచ్చింది.

"అదేటమ్మగారూ, అక్కడ నిలబడిపోయారు? మా దొడ్డెంట రండి! రోజూ వచ్చే దారేగదా, ఇయ్యాల కొత్తేటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ నవ్వారు. భీమశంకరం అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. కనకవల్లి చెవులు కాలిపోయాయి. పట్టీ మెడలో బరువెక్కింది.

నవ్వనిది ఒక్క మాణిక్యాంబే. ఆవిడ నెమ్మదిగా కర్ర ఎత్తి తివాచీ మధ్యలో ఒక పోటు పొడిచింది. మేకులు ఊడాయి. తివాచీ ఒళ్లు విరుచుకుని కాలవలోకి జారిపోయింది. ఖాళీ మళ్లీ అందరికీ కనిపించింది.

"కనకం, భయమేస్తోందా?"

"ఏస్తోందక్కయ్యా."

"మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీనే."

"ఆ ముక్క అనడానికి నీకు బి.ఏ. చదువు అడ్డొచ్చిందటే?"

ఎన్నాళ్లకో అక్కయ్య తనతో మాట్లాడింది. కనకవల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎవరూ చూడకుండా ముక్కు తుడుచుకుందామని చూస్తే, చేతికి ఆకుపచ్చ పట్టీయే దొరికింది.

త్రివిక్రమరావు తేరుకున్నారు. "రాయబారి గారు చుట్టుదారి వాడినట్లు రుజువైనందున హోదాతో నిమిత్తం లేకుండా ప్రతికూలురుగా ప్రకటిస్తున్నాను. ఇక కార్యక్రమము కొనసాగించవలెను. మాణిక్యాంబ గారూ, తమరి కర్ర ఇటు ఇవ్వండి."

మాణిక్యాంబ కర్రని ఎదురుగా నేల మీద ఆనించి, రెండు చేతులూ దాని మీద వేసి నిలబడింది.

"ఇస్తాను నాయనా. దాటొచ్చి తీసుకో."

త్రివిక్రమరావు ఖాళీని చూశారు. వెంటనే నియమం గుర్తొచ్చి పైకి చూశారు. ఆయన వెనక ఉన్న కుర్ర ఉద్యోగి సాయం చేయబోయాడు.

"నేను దాటి తెస్తానండి."

"వీల్లేదు" అన్నారు భీమశంకరం. "అధికారి స్వయంగా స్వీకరించవలెనని ఉత్తర్వు."

"పోనీ, దొడ్డి దారిన..." అని ఆ అబ్బాయి నసిగాడు.

"హోదాతో నిమిత్తం లేకుండా" అంది కనకవల్లి. తను చేర్చిన ముక్క ఎంత బాగా కుదిరిందో ఆవిడకి అప్పుడే తెలిసింది.

వెంకాయమ్మ గేదె ఊరేగింపుని ఒకసారి తేరిపార చూసి, తోక ఆడించుకుంటూ దొడ్డి దారి పట్టింది. త్రివిక్రమరావు చాలాసేపు ఆకాశం వంక చూసి, "కర్ర స్వీకరణ అనివార్య కారణముల వలన వాయిదా వేయడమైనది" అని ప్రకటించి, తడవని తివాచీ మేరకు నడిచి కారెక్కారు.

ఆ మధ్యాహ్నం కనకవల్లి దొడ్డి దారినే, పట్టీ లేకుండా, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, అష్టాచెమ్మా గవ్వలు కొంగున కట్టుకుని పాతవీధికి వెళ్లింది. మొదటి ఆటలోనే మాణిక్యాంబ ఒక కాయని రెండిళ్లు ఎక్కువ జరిపింది.

"దొంగాట" అంది కనకవల్లి.

"నాకు దృక్పథం బాగులేదు కదే, లెక్క తప్పాను" అంది మాణిక్యాంబ.

విభాగం మాత్రం ఊరుకోలేదు. పదిరోజుల తరవాత నలుగురు మనుషులు వచ్చి కాలవ ఒడ్డున ఒక బోర్డు పాతి వెళ్లారు. మనిషి పొడుగు, రెండు మూరల వెడల్పు, బొటనవేలంత మందం టేకుచెక్క. దాని మీద పెద్ద అక్షరాలు: 'ఇచ్చట బండ కలదని భావించవలెను.'

తోడికోడళ్లిద్దరూ చెరో ఒడ్డునా నిలబడి దాన్ని చదివారు. తరవాత ఒకరినొకరు చూసుకున్నారు. భావించమన్నారు కాబట్టి ఇద్దరూ భావించారు. కాసేపటికి భీమశంకరం గునపం తెచ్చారు. వెంకాయమ్మ ఒక చెయ్యి వేసింది. గుంజలు ఊడిపోయాయి. చెక్కని అడ్డంగా వాల్చి కాలవ మీద వేయబోతుంటే మాణిక్యాంబ కర్రెత్తి కేకేసింది.

"అక్షరాలు పైకి పెట్టకండి! తొక్కితే సరస్వతీదేవికి కోపం రాదూ?"

నిజమే. అబద్ధం చెప్పినా అక్షరాలు అక్షరాలే. తిరగేసి వేశారు. చెక్క అటూ ఇటూ ఒడ్డుకి చక్కగా ఆనింది. మాణిక్యాంబ కర్రతో రెండుసార్లు తట్టి చూసి, కిందికి చూసుకుంటూ, ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇవతలికి వచ్చేసింది. కనకవల్లి చెయ్యి అందించింది. మాణిక్యాంబ పట్టుకుంది. మర్నాటికల్లా పాతవీధి పెద్దవాళ్లంతా దాటుతున్నారు. విమోచన కేంద్రంలోని పెద్దాయన కూడా ఇద్దరు పట్టుకుంటే కిందికి దిగొచ్చి, అక్కడున్న కర్రలన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేశారు.

మరుసటి వారం త్రివిక్రమరావు తనిఖీకి వచ్చారు. అప్పటికి చెక్క మీద మట్టి పట్టి దారిలో కలిసిపోయింది. ఒక ముసలాయన తీరుబడిగా కాలవ దాటిపోయాడు. వెనకాలే ఒక పెద్దావిడ, చంకలో మనవరాలితో. త్రివిక్రమరావు నిలువునా పులకించారు.

"బోర్డు ఎక్కడమ్మా?"

"అందరి మనసుల్లోకీ వెళ్లిపోయింది నాయనా" అంది మాణిక్యాంబ.

ఆయన కళ్లు చెమర్చాయి. ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, నియమం ప్రకారం కిందికి చూడకుండా నాలుగడుగులు వేసి సరిగ్గా కాలవ మధ్యలో ఆగారు. కాలి కింద చెక్క కిర్రుమంది.

"చూచితిరా! ఇప్పటికైనా ఒప్పుకొందురా? బండ అవసరము కలిగినదా?"

కనకవల్లి నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. దానికి మంచి వాక్యం కూడా కుదిరింది. మాణిక్యాంబ చేతికర్ర ఆవిడ పాదం మీద సుతారంగా ఆనింది. కనకవల్లి ఆయన ముఖంలోకి చూసింది, ఆయన కాళ్ల కిందికి చూసింది. నిజం తెలిస్తే ఈ మనిషి ముందుగా పీకించేది ఆ చెక్కనే అని అర్థమైంది.

బి.ఏ.లో చదువుకున్న మనస్తత్వశాస్త్రాన్ని ఆవిడ జీవితంలో మొదటిసారి సరిగ్గా వాడింది. నోరు మూసుకుంది.